జంటలో ఒకరు గురువు కానక్కరలేదు

ఈమధ్య ఉపాధ్యాయుల సమావేశం ఒకదానిలో ఒక ప్రతిపాదన వచ్చింది. మార్కుల జాబితాను సగానికి విడగొట్టి, పై సగంలోని ప్రతి విద్యార్థి పక్కన కింది సగంలోని ఒక విద్యార్థిని కూర్చోబెట్టాలనీ, ఏడాది చివరిదాకా ఆ జతలను మార్చకూడదనీ, వెనకబడిన పిల్లల మార్కులు పెరిగినా పెరగకపోయినా అందులో పక్కవారికీ వాటా ఉండాలనీ దాని సారాంశం. చాలామంది తలలూపారు. పిల్లల చేత జతలుగా పని చేయించాలని ఏళ్ల తరబడి వాదిస్తున్న నేను దాన్ని వ్యతిరేకించడం కొందరికి వింతగా తోచింది. "మీరు ఇన్నాళ్లూ చెబుతున్నదీ ఇదే కదా?" అని ఒక సహోపాధ్యాయురాలు అడిగారు. ఇది కాదు. ఎందుకు కాదో వివరంగా రాయవలసిన అవసరం ఉందని అప్పుడే అనిపించింది.

నా అభిప్రాయం ఇది: జంట పనికి ఉన్న విలువ, తెలిసినవారు తెలియనివారికి చెప్పడంలో లేదు. తనలో సగం సగంగా ఉన్న ఆలోచనను, వినక తప్పని మరొక మనిషి ముందు, పూర్తి వాక్యంగా మార్చవలసి రావడంలో ఉంది. ఆ వాక్యం ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు, తప్పు వాక్యమైనా కావచ్చు. ఒకరిని గురువుగా, మరొకరిని శిష్యునిగా ముందే నియమించేస్తే ఆ అవసరం ఇద్దరికీ తప్పిపోతుంది.

సమావేశంలో వచ్చిన ప్రతిపాదన కొత్తదేమీ కాదు. మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని పర్యవేక్షించిన ఆండ్రూ బెల్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, అక్కడి తన ప్రయోగం గురించి 1797లో లండన్‌లో ఒక పుస్తకం వెలువరించాడు. మద్రాసు పద్ధతిగా పేరు పొందిన ఆ విధానంలో తరగతిని బోధకులుగా, విద్యార్థులుగా జతలు కట్టేవారు. 24 మంది ఉంటే మెరుగైన 12 మంది మిగిలిన 12 మందికి బోధించాలి. ఒక్క ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఎంతో పెద్ద బడిని నడపవచ్చన్నదే ఆ పద్ధతిలోని ఆకర్షణ. ఉపాధ్యాయులు చాలనప్పుడు అది అవసరమైన ఏర్పాటే కావచ్చు. అయితే ఉపాధ్యాయుల కొరత తీర్చడానికి చేసే ఏర్పాటు వేరు, ఉపాధ్యాయులు ఎదుటే ఉన్నప్పుడు కూడా పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎందుకు అవసరమన్న ప్రశ్న వేరు. మన చర్చల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతున్నాయి.

పదిహేను సెకన్లు

తరగతి గదిలో ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో మూడేసి సెకన్లకొకసారి నమోదు చేసే పద్ధతిని అమెరికా విద్యా పరిశోధకుడు నెడ్ ఫ్లాండర్స్ రూపొందించాడు. ఆ పరిశీలనల నుంచి వచ్చినదే మూడింట రెండు వంతుల సూత్రం. తరగతి సమయంలో దాదాపు మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు. ఆ మాటల్లో మూడింట రెండు వంతులు ఉపాధ్యాయులవి. దీన్ని 45 నిమిషాల పీరియడుకు, 40 మంది ఉన్న తరగతికి అన్వయించి చూడండి. మాటలు నడిచేది 30 నిమిషాలు, అందులో 20 నిమిషాలు ఉపాధ్యాయులవి, మిగిలిన 10 నిమిషాలు 40 మందివి. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 15 సెకన్లు వస్తాయి. సమానంగా పంచడం ఎక్కడా జరగదని బోధించే వాళ్లందరికీ తెలుసు. ఆ 10 నిమిషాల్లో అధిక భాగం ప్రతిరోజూ పైకి లేచే అవే ఐదారు చేతులకు పోతుంది, మిగతావారిలో చాలామంది ఒక్క వాక్యం కూడా పలకకుండానే పాఠం ముగుస్తుంది.

ఆ కొద్ది సెకన్లు అందుకోవడానికి కూడా చాలా చురుకుదనం కావాలి. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత జవాబు కోసం సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో 1970లలో తన పరిశీలనల్లో చూపించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లు, అంతకన్నా ఎక్కువ చేసినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే ముందుకొచ్చి చెప్పేవారు పెరిగారు. 1981లో ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించిన పద్ధతి ఈ విరామానికి ఒక రూపమిచ్చింది: ముందు ఒంటరిగా ఆలోచించడం, తరువాత పక్కవారితో మాట్లాడటం, ఆ పైన తరగతితో పంచుకోవడం. ఇందులో నడిమి మెట్టుకు మూడు నిమిషాలు ఇస్తే ఒకే సమయంలో 20 మంది మాట్లాడతారు, ఒక్కొక్కరికి 90 సెకన్లు దక్కుతాయి. మొత్తం పీరియడులో దొరికే వాటాకు అది ఆరు రెట్లు.

ఈ లెక్క నన్ను కదిలిస్తుంది కానీ దీన్ని అంతిమ వాదనగా నేను వాడను. మాట్లాడే సమయం పెరిగినంత మాత్రాన చదువు పెరిగినట్లు కాదు. 90 సెకన్ల పాటు పక్కవారి నోటు పుస్తకంలోని జవాబును చదివి వినిపించినా మాట్లాడినట్లే లెక్కకు వస్తుంది. అసలు విషయం, ఆ మాటల్లో ఏం జరుగుతోందన్నది.

ఇద్దరికీ తెలియనప్పుడు

దశాంశాల పాఠం నడుస్తున్నప్పుడు ఒక ప్రశ్న నల్లబల్ల మీద రాశాను: 0.3, 0.125, ఈ రెండింటిలో ఏది పెద్దది? ముందుగా ఎవరికి వారు కారణంతో సహా రాసుకోవాలి, ఆ తరువాతే పక్కవారితో మాట్లాడాలి. ఒక బెంచి దగ్గర నిలబడి విన్నాను. ఒక అమ్మాయి 0.125 పెద్దదని అంటోంది. 125 మూడుకన్నా పెద్దది కనుక అన్నది ఆమె కారణం. పక్కమ్మాయి 0.3 పెద్దదని అంటోంది. జవాబు సరైనదే. కానీ దానికి ఆమె చెప్పిన కారణం, బిందువు తరువాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే సంఖ్య అంత చిన్నదవుతుందని; వెయ్యోవంతులు పదోవంతులకన్నా చిన్నవి కదా అని ఆమె వాదన. ఇద్దరివీ గణితం చెప్పేవారందరికీ పరిచయమైన అపోహలే. నేను చేతులెత్తించి జవాబులు మాత్రమే అడిగి ఉంటే, రెండో అమ్మాయి తన తప్పు నియమాన్ని మరింత నమ్మకంతో ఇంటికి తీసుకుపోయి ఉండేది.

ఏమీ వివరించకుండా వాళ్ల పుస్తకంలో 0.3, 0.45 అని మరో రెండు సంఖ్యలు రాసి పక్కకు జరిగాను. ఈసారి మొదటి అమ్మాయి నియమం ప్రకారం 0.45 పెద్దది, రెండో అమ్మాయి నియమం ప్రకారం 0.3 పెద్దది. కొంతసేపు ఎవరి మాట వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. తరువాత రెండో అమ్మాయే సున్నా నుంచి ఒకటి దాకా ఒక గీత గీసి పది భాగాలు చేసింది. 0.3 ఎక్కడుంటుందో ఇద్దరూ ఒప్పుకున్నారు. "0.45 నాలుగో గీత దాటాలి కదా" అంది మొదటి అమ్మాయి. రెండో అమ్మాయి ఆ గీతనే చూస్తూ కాసేపు ఊరుకుని, "అయితే పొడుగుంటే చిన్నదన్నది కుదరదు" అంది. అక్కడితో ఆగకుండా అదే గీత మీద 0.125ను పెట్టబోయారు. అది ఒకటో గీతకూ రెండో గీతకూ మధ్య పడుతుందని చూసిన మొదటి అమ్మాయి తన నియమాన్నీ వదులుకుంది.

ఆ బెంచి మీద తెలిసినవారు ఎవరూ లేరు. ఇద్దరి దగ్గరా ఉన్నవి రెండు వేరువేరు తప్పులు, ఆ తప్పులు ఒకదానికొకటి అడ్డురావడమే వాళ్లను గీత దాకా తీసుకువెళ్లింది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసిన స్విస్ మనోవైజ్ఞానికుడు పియాజె సంప్రదాయంలో జెనీవాలో పనిచేసిన విలెం డ్వాజ్, గాబ్రియెల్ మ్యూనీ 1970లలో పిల్లలపై చేసిన ప్రయోగాల్లో గమనించింది కూడా ఇటువంటిదే: ఎదుటివారి అభిప్రాయం సరైనది కాకపోయినా, తనదానికి భిన్నంగా ఉండి తేల్చుకోక తప్పని పరిస్థితి ఏర్పడితే పిల్లలు ముందుకు సాగగలరు. కళాశాల స్థాయిలో దీనికి గట్టి ఆధారం 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన మిషెల్ స్మిత్, ఆమె సహచరుల అధ్యయనం. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చదివే విద్యార్థులు ఒక ప్రశ్నకు ముందు ఒంటరిగా జవాబిచ్చారు, పక్కవారితో చర్చించి మళ్లీ జవాబిచ్చారు, సరైన జవాబు ఏమిటో బయటపెట్టక ముందే అదే భావన మీద మరో కొత్త ప్రశ్నకు మళ్లీ ఒంటరిగా జవాబిచ్చారు. మూడోసారి వచ్చిన మెరుగుదల, తెలిసినవారిని చూసి జవాబు మార్చుకోవడం వల్ల వచ్చింది కాదని, చర్చించినవారిలో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని సందర్భాల్లోనూ అవగాహన పెరిగిందని వారు చూపించారు.

ఇక్కడ ఒక సందేహం నన్ను వదలదు. రెండు వేరువేరు తప్పులు ఢీకొంటే మేలు జరుగుతుంది. ఇద్దరిదీ ఒకే తప్పయితే? బీజగణితంలో (a+b)² అంటే a²+b² అని ఇద్దరూ అర నిమిషంలో ఒప్పేసుకుని, సంతోషంగా తరువాతి లెక్కకు పోయిన జతలను నేను చాలా చూశాను. ఆ ఒప్పందం ఒంటరి తప్పుకన్నా మొండిది, ఎందుకంటే దానికి ఇప్పుడు ఒక సాక్షి ఉన్నారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1991 నుంచి తన తరగతుల్లో పక్కవారితో చర్చను పాఠంలో భాగం చేశారు; ఆయన పద్ధతిలో ఒంటరి జవాబుల్లో సరైనవి 30 శాతానికన్నా తక్కువుంటే చర్చకు పంపకుండా ఆ భావనను మళ్లీ బోధిస్తారు, 70 శాతం దాటితే చర్చ లేకుండా ముందుకు పోతారు. తరగతిలో అభిప్రాయ భేదం నిజంగా ఉన్నప్పుడే జంటలకు పని ఉంటుందన్న గుర్తింపు అది. ఇంకొకటి, పిల్లలకు తమ మాట తప్పో ఒప్పో తామే పరీక్షించుకునే దారి చేతిలో ఉండాలి. aకు 2, bకి 3 పెట్టి చూడమంటే ఒకవైపు 25, మరోవైపు 13 వస్తాయి; అప్పుడు మొదలవుతుంది అసలు సంభాషణ. పరీక్షించుకునే దారి లేని ప్రశ్నను, ఉదాహరణకు ఒక సంవత్సరాన్నో ఒక పేరునో, జంటలకు ఇవ్వడం వృథా. అది తెలిసి ఉండాలి లేదా పుస్తకంలో చూసుకోవాలి.

నలుగురు ఎందుకు కాదు

జంటల గురించి మాట్లాడితే వెంటనే గ్రూపు వర్కు ప్రస్తావన వస్తుంది. రెండూ ఒకటే అన్నట్లు మాట్లాడతారు. నా దృష్టిలో సంఖ్యలోనే తేడా అంతా ఉంది. నలుగురిని ఒక చార్టు చుట్టూ కూర్చోబెడితే ఒకరు ఆలోచిస్తారు, ఒకరు అందంగా రాస్తారు, ఒకరు రంగులు వేస్తారు, నాలుగోవారు గమ్ సీసా పట్టుకుంటారు. నలుగురూ పని చేసినట్లే కనబడుతుంది, గణితం మాత్రం ఒక్కరి తలలోనే జరుగుతుంది. తాడు లాగే ప్రయోగాలు చేసిన ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదల ఇద్దరి దగ్గరే మొదలవుతుందన్నది నిజమే, కానీ సంఖ్య పెరుగుతున్నకొద్దీ అది ఎక్కువవుతుంది. ఇద్దరిలో ఒకరు ఊరుకుంటే ఆ నిశ్శబ్దం వెంటనే తెలిసిపోతుంది, ఎదుటివారికీ తెలుస్తుంది, దూరంగా నిలబడిన నాకూ తెలుస్తుంది.

ఇద్దరుండటం వల్ల ఆలోచన స్వభావమే మారవచ్చని సూచించిన ప్రయోగం ఒకటుంది. డేనియల్ ష్వార్ట్జ్ 1995లో ప్రచురించిన ఆ పరిశోధనలో విద్యార్థులకు వరుసగా ఒకదానికొకటి తగిలి ఉన్న పళ్లచక్రాల సమస్య ఇచ్చారు: మొదటి చక్రం ఒక దిశలో తిరిగితే చివరి చక్రం ఏ దిశలో తిరుగుతుంది? ఒంటరిగా చేసినవారు ఎక్కువగా చేతులతో ఒక్కొక్క చక్రాన్నీ తిప్పినట్లు అభినయిస్తూ చివరిదాకా పోయారు. జంటల్లో మాత్రం, చక్రాల సంఖ్య బేసి అయితే మొదటిదీ చివరిదీ ఒకే దిశలో తిరుగుతాయన్న నియమాన్ని కనుగొన్నవి చాలా ఎక్కువ. ఒంటరిగానైనా ఆ నియమాన్ని కనుక్కోగల చురుకైనవారు జంటలో ఒకరుండటం వల్లే అనుకుంటే లెక్క సరిపోలేదు, అలా ఊహించదగినదానికన్నా అటువంటి జంటలు ఎక్కువ. చేతులతో చూసుకున్నది తనకు చాలు, పక్కవారికి అందాలంటే దాన్ని మాటగా మార్చాలి, మాటగా మార్చేటప్పుడు విడి వివరాలు జారిపోయి సాధారణ సూత్రం మిగులుతుంది. జంట పని గురించి నాకున్న నమ్మకంలో అధిక భాగం ఈ ఒక్క ఆలోచన మీద నిలిచి ఉంది.

అందుకే నా తరగతిలో జంటకు ఒకే కాగితం, ఒకే కలం ఇస్తాను. కలం పట్టుకున్నవారు తమ సొంత ఆలోచన రాయకూడదు, పక్కవారు చెప్పినదే రాయాలి. తరువాతి లెక్కకు కలం చేతులు మారుతుంది. ప్రోగ్రామర్లు ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు టైపు చేస్తుంటే మరొకరు చూస్తూ ఆలోచిస్తూ, పాత్రలు మార్చుకుంటూ పనిచేసే అలవాటు కూడా ఇటువంటిదే. ఈ నియమంతో తొందరగా చేసేసే పిల్లలకు మొదట్లో చాలా విసుగు వస్తుంది. రెండు మూడు వారాల్లో అలవాటు పడతారు.

బాగా చదివేవారి సంగతి

"మా అమ్మాయి చదువుకోవడానికి వస్తోంది, చదువు చెప్పడానికి కాదు" అని ఒక తల్లి నాతో అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. పక్కవారి మార్కులకు ఒక పిల్లను బాధ్యురాలిని చేసే హక్కు మనకు లేదు. అయితే వివరించడం వల్ల వివరించేవారికి ఏమీ రాదనుకుంటే పొరపాటు. చిన్న బృందాల్లో పిల్లల మాటలను ఎన్నో ఏళ్లు పరిశీలించిన నోరీన్ వెబ్ పరిశోధనల్లో స్థిరంగా కనిపించిన విషయం, కారణాలతో వివరణ ఇచ్చే పిల్లలు బాగా నేర్చుకుంటారని. కేవలం జవాబు అందుకున్న పిల్లలకు దానివల్ల మేలు లేదని, ఒక్కోసారి నష్టమని. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న మన లెక్కను ఇది తలకిందులు చేస్తుంది. జవాబులు చెప్పేసే జంటలో నష్టపోయేది మనం సాయం చేస్తున్నామనుకున్న ఆ రెండో విద్యార్థే.

ఆ తల్లి చెప్పిన అమ్మాయే ఒకరోజు పక్కనున్న అబ్బాయికి భిన్నాల భాగహారం చెబుతోంది. రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలంది. "ఎందుకు తిప్పాలి?" అని అడిగాడతను. అలాగే చేయాలంది. "3ని అరతో భాగిస్తే 6 వస్తుందా? భాగిస్తే తగ్గాలి కదా?" అని మళ్లీ అడిగాడు. ఆమె కలం కింద పెట్టేసింది. మూడింటిలో ఎన్ని అరలున్నాయో లెక్కపెట్టి, అవి ఆరని ఇద్దరూ కలిసి తేల్చేసరికి గంట కొట్టారు. ఆ రోజు ఎక్కువ నేర్చుకున్నది ఆమేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే అప్పటిదాకా ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె పరీక్షల్లో దానికి ఎప్పుడూ పూర్తి మార్కులే వచ్చేవి.

కానీ ఆ ప్రశ్న రావాలంటే ఆ అబ్బాయికి అడిగే ధైర్యం ఉండాలి. ర్యాంకులను బట్టి ఏడాదంతా స్థిరంగా కట్టిన జంటలో ఆ ధైర్యం ఎంతకాలం మిగులుతుంది? అటువంటి ఏర్పాటున్న ఒక తరగతిలో కొన్నాళ్లు పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ఒక అబ్బాయిని ఏదో అడిగితే, పక్కమ్మాయి వైపు చూపించి, "తనను అడగండి టీచర్, నా జవాబు తనకు తెలుసు" అన్నాడు. వినయంగానే అన్నాడు. అంతకన్నా ఆందోళన కలిగించే మాట తరగతి గదిలో నేను వినలేదు.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకదాన్ని దాటవేయడం సరికాదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లిన్ ఫుక్స్, డగ్లస్ ఫుక్స్ దంపతులు రూపొందించిన సహాధ్యాయుల కార్యక్రమంలోనూ జాబితాను సగానికి విడగొట్టి, పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారిని జత చేస్తారు. చదవడంలో దానివల్ల మంచి ఫలితాలు వచ్చాయి. అయితే అక్కడ ఇద్దరూ చదువుతారు, ఇద్దరూ సరిదిద్దుతారు. గట్టిగా చదవగలవారు ముందు చదివితే రెండోవారు అదే భాగాన్ని తరువాత చదువుతారు, ఏ తప్పుకు ఏమనాలో ఇద్దరికీ ముందే నేర్పుతారు, కొన్ని వారాలకొకసారి జతలు మారుతాయి. అసమానమైన జత దానంతట అది హాని కాదని, సరిదిద్దే అధికారం ఒక్కరి దగ్గరే ఉండిపోవడం హాని అని దీన్నుంచి నేను గ్రహించాను. సమావేశంలోని ప్రతిపాదన మొదటి అంశాన్ని తీసుకుని మిగిలినవన్నీ వదిలేసింది.

మాట్లాడటం ఇష్టం లేనివారు

జంట పని బిడియస్తులకు మంచిదని అంటారు, నలభై మంది ముందు నోరు విప్పలేనివారు ఒక్కరి ముందు మాట్లాడగలరని. చాలామంది విషయంలో అది నిజం. కొందరి విషయంలో కాదు. తరగతి మొత్తంలో మౌనంగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, జంటలో తప్పించుకునే చోటు ఉండదు. పక్కన దబాయించేవారు పడితే ఆ మూడు నిమిషాలూ శిక్ష. అటువంటి ఒక విద్యార్థి, మాట్లాడే ముందు రాసుకోవడానికి ఇంకొంచెం సమయం ఇస్తారా అని నన్ను అడిగాడు. ఇచ్చాను. రాసుకున్నది చేతిలో ఉంటే అతను ధీమాగా మాట్లాడేవాడు. అప్పటినుంచి ఒంటరిగా రాసుకునే వ్యవధిని అందరికీ పొడిగించాను.

ఆ వ్యవధికి మరో కారణం కూడా ఉంది. కలిసి గుర్తు తెచ్చుకునే బృందం, అంతమందే విడివిడిగా గుర్తు తెచ్చుకున్నదంతా కలిపితే వచ్చేదానికన్నా తక్కువే గుర్తు తెచ్చుకుంటుందని వెల్డన్, బెలింజర్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. ఒకరి వరుస మరొకరి వరుసను చెదరగొడుతుంది. కాబట్టి ఎక్కాలు, నిర్వచనాలు, నిన్నటి పాఠం నెమరు వేసుకోవడం వంటివి ఒంటరిగానే జరగాలి. జంట కావలసింది వాటి తరువాత.

గోల గురించి ఎక్కువ చెప్పను. ఇరవై మంది ఒకేసారి మాట్లాడితే చప్పుడు అవుతుంది, పక్క తరగతి వారితో ముందే ఒక మాట చెప్పుకోవాలి. తరగతిలో బేసి సంఖ్య ఉంటే ఒకచోట ముగ్గురుంటారు, ఆ ముగ్గురి దగ్గర నేను ఎక్కువసేపు నిలబడతాను.

మార్కుల విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. జంటగా చేసిన పనికి ఉమ్మడి మార్కు ఇవ్వకూడదు. ఇస్తే బాగా చదివేవారు కలం లాక్కుంటారు, రెండోవారు లాక్కోనిస్తారు. ఇద్దరూ తెలివిగానే ప్రవర్తించినట్లు, ఎందుకంటే మనం పెట్టిన లెక్క వాళ్లను అటే నడిపిస్తుంది. జంట పని అయ్యాక అదే భావన మీద మరో ప్రశ్న ఇచ్చి, ఐదు నిమిషాలు ఒంటరిగా రాయిస్తాను. దానికీ మార్కులుండవు. సాయంత్రం ఒక్కో జత కాగితాలను పక్కపక్కన పెట్టి చదువుతాను. జవాబు ఒకటే అయినా కారణాన్ని ఎవరి మాటల్లో వారు రాసి ఉంటే ఆ జతను ఇంకో వారం అలాగే ఉంచుతాను. ఇద్దరి వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే మరునాడు ఆ ఇద్దరినీ వేరువేరు బెంచీలకు మార్చి, అదే ప్రశ్నను వేరే సంఖ్యలతో మళ్లీ అడుగుతాను.